బిందె ఆమెదే, దొంగ ఎవరు?

(పర్లాకిమిడిలో తెలుగువాళ్ల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కొత్త క్రిమినల్ చట్టాల గురించి ఓ గంట మాట్లాడమని నన్ను పిలిచారు. పాత సెక్షన్ ఇది, కొత్త నంబరు ఇది అని చదువుకుంటూ పోతే పావుగంటలో సగంమంది టీ తాగడానికి లేచిపోతారు. అందుకని ఒకే ఒక్క కేసు చెబుతాను. చిన్న దొంగతనం కేసు. నిందితుడి తరఫున నేనే చేశాను. కోర్టు కొట్టేసింది. తీర్పు వచ్చాక వరండాలో ఒక పెద్దాయన నన్ను ఆపి, "దొంగని తప్పించేసినారు కదా బాబూ" అన్నాడు. ఆ పూట ఆయనకి జవాబు చెప్పే తీరిక లేకపోయింది. ఇవాళ మీకు చెబుతాను.

ఎవరి పేర్లూ చెప్పను. ఊరి పేరు, స్టేషను పేరు కూడా వద్దు. మహేంద్రతనయ పక్కనున్న ఒక పల్లె అనుకోండి చాలు. ఇవతల ఒడిశా, అవతల పాతపట్నం వైపు ఆంధ్రా. పెళ్లిళ్లూ పేరంటాలూ రెండు వైపులా జరుగుతాయి. దొంగతనాలూ అంతే, వాటికి చెక్‌పోస్టు లేదు.

ఆ పల్లెలో ఒక మామ్మ ఒక్కర్తే ఉంటుంది. కూతురి పురుడికని పలాస వెళ్లింది. తిరిగొచ్చేసరికి తాళం విరగ్గొట్టి ఉంది. పోయినవి రెండు ఇత్తడి బిందెలు, ఒక గుండిగ, ఒక కంచు కంచం. బంగారం ఆవిడ ఒంటిమీదే ఉంది కాబట్టి మిగిలింది. ఆ బిందెలు వాళ్లమ్మ సారెగా పెట్టినవి. మన ఇళ్లలో సామాన్ల మీద పేరు కొట్టిస్తాం కదా, అలా ఒక బిందె అంచు కింద వాళ్లమ్మ పేరు, ఇంటిపేరు తెలుగులో కొట్టించి ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

స్టేషనుకి వెళ్లింది. ఆవిడకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. బయట అర్జీలు రాసే ఒకాయన దగ్గర కూర్చుని చెప్పింది, ఆయన ఒడియాలో రాశాడు. పేరు సంగతి కూడా చెప్పానని ఆవిడ అంటుంది. ఆయన రాసింది మాత్రం ఇదీ: రెండు ఇత్తడి పాత్రలు, ఒక పెద్ద పాత్ర, ఒక కంచు పళ్లెం. ఎత్తు లేదు, బరువు లేదు, పేరు లేదు. కింద ఆవిడ వేలిముద్ర. అదే ఎఫ్‌ఐఆర్ అయింది.

నెల దాటి మరో పదిహేను రోజులైంది. పోలీసులు ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. సైకిల్ మీద ఊరూరూ తిరిగి పాత ఇనుమూ ప్లాస్టిక్కూ కొనే కుర్రాడు. అవతలి వైపు వాడు, ఆంధ్రా. నేరం ఒప్పుకున్నాడనీ, తన పాక దగ్గరికి తీసుకెళ్లి గడ్డివామి కిందనుంచి సామాన్లు తీసిచ్చాడనీ రికార్డు. ఇవతలి పల్లెలో దొంగతనం జరిగి అవతల సొత్తు దొరికితే కేసు ఏ కోర్టుకి అని అడగొచ్చు. దొంగతనం జరిగిన చోటైనా, సొత్తు ఉన్న చోటైనా విచారించవచ్చు. ఈ కేసు నాటికి అమల్లో ఉన్న పాత సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 181లో ఉంది. కాబట్టి ఇక్కడి కోర్టుకే వచ్చింది. ఐపీసీ 457, 380 పెట్టారు. అంటే రాత్రిపూట ఇంట్లో చొరబడడం, ఇంట్లో దొంగతనం. మొదటిదానికి, దొంగతనం కోసం చొరబడితే, పద్నాలుగేళ్ల దాకా శిక్ష వేయొచ్చు. రెండు బిందెలూ ఒక గుండిగ!

బెయిలు వచ్చింది, కానీ కుర్రాడు బయటికి రాలేదు. జామీనుదారు లోకల్ మనిషై ఉండాలన్నారు. వాడి బంధువులంతా శ్రీకాకుళం జిల్లా. పొలం పాసుపుస్తకం పట్టుకుని వాళ్ల మావయ్య వచ్చాడు, అది ఆంధ్రా కాగితం అని వెనక్కి పంపేశారు. నిజానికి ఈ ప్రశ్న 1978లోనే సుప్రీంకోర్టులో తేలిపోయింది. మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసు, మధ్యప్రదేశ్‌ది. జస్టిస్ కృష్ణయ్యర్ అందులో అడిగారు: మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో బస్తర్‌లోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీచౌక్‌లోనో దొంగతనం కేసులో పట్టుబడితే ఏం చేస్తాడు, అక్కడ జామీనుదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడు అని. మనవాళ్ల పేరు పెట్టి మరీ అడిగారు. ఆ తీర్పు కాపీ పెట్టాక మావయ్య జామీను తీసుకున్నారు. అప్పటిదాకా కుర్రాడు సబ్‌జైల్లోనే. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది దొంగతనం కేసుకంటే పెద్ద సంగతి. మీలో ఎవరికైనా పని పడొచ్చు, పేరు రాసుకోండి.

ఇక విచారణ. "ఒప్పుకున్నాడు కదండీ, మళ్లీ విచారణ ఏంటి?" అని అందరూ అడుగుతారు. మర్నాడు పేపర్లో కూడా "నేరం అంగీకరించిన నిందితుడు" అనే వస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. ఇది మొన్నటి మాట కాదు, 1872 నాటి సాక్ష్య చట్టంలోనే 25, 26 సెక్షన్లలో ఉంది. రాసింది తెల్లవాళ్లు. తమ పోలీసుల సంగతి తమకి బాగా తెలిసే రాసుకున్నారు. దాని బదులు వచ్చిన కొత్త సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్.

దానికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే, ఆ బయటపడిన దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకు పనికొస్తుంది. పాత 27వ సెక్షన్. దీనికి దేశం మొత్తం మీద ఇప్పటికీ చెప్పుకునే తీర్పు ఒక తెలుగువాడి పేరు మీద ఉంది: పులుకూరి కోటయ్య కేసు. మద్రాసు హైకోర్టు నుంచి లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది, అప్పట్లో మనకి ఆఖరి కోర్టు అదే. 1947 తీర్పుల రిపోర్టుల్లో ఉంటుంది. దాని సారం ఏమిటంటే, "గడ్డివామి కింద దాచాను, చూపిస్తాను" అన్నంతవరకు సాక్ష్యం. "మామ్మ ఇంట్లో దొంగిలించి దాచాను" అంటే, "దొంగిలించి" అన్న ముక్క కత్తిరించేయాలి. దాచిన చోటు వీడికి తెలుసు అన్నదొక్కటే రుజువవుతుంది. ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు అన్నది వేరే రుజువు చేసుకోవాలి.

అంటే ఈ కేసంతా గడ్డివామి దగ్గర ఏం జరిగిందన్న దాని మీదే నిలబడింది. వేరే ఆధారం లేదు. విరిగిన తాళం జప్తు చేయలేదు. వేలిముద్రలు తీయలేదు. ఆ రాత్రి వాణ్ణి ఆ వీధిలో చూసినవాళ్లు లేరు. సరే, గడ్డివామి దగ్గర ఏం జరిగిందో చెప్పేది ఏమిటి? సీజర్ లిస్టు. ఆంధ్రాలో మధ్యవర్తుల నామా అంటారు, మహారాష్ట్రలో పంచనామా. ఎక్కడైనా ఒకటే కాగితం. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానా వాళ్ల ఎదుట, ఫలానా వస్తువులు తీసుకున్నామని రాసి, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు.

ఆ కాగితాన్ని నేను చాలాసేపు చూశాను. పైనంతా గుండ్రటి ఒడియా అక్షరాలు. కింద రెండు సంతకాలు, రెండూ తెలుగులో. ఒకాయన స్టేషను ఎదురుగా ఆటో పెట్టుకునే మనిషి. రెండోవాడు టీకొట్టు కుర్రాడు. ఇద్దరూ ఇవతలివాళ్లే. గడ్డివామి ఉన్న ఊళ్లో ఒక్కరు కూడా సాక్షిగా లేరు.

ఆటో ఆయన బోనెక్కాడు. ప్రభుత్వ లాయరు సంతకం చూపించి మీదేనా అంటే నాదే అన్నాడు. నా వంతు వచ్చింది. కాగితం చేతికిచ్చి, ఇందులో ఏం రాసుందో చదవమన్నాను.

"నాకు ఒడియా సదవడం రాదు బాబూ."

"ఎవరైనా చదివి వినిపించారా?"

"నేదు బాబూ. సంతకం ఎట్టమన్నారు, ఎట్టేను."

"ఎక్కడ పెట్టావు?"

"టేసన్లోన, బల్ల మీద."

"గడ్డివాము దగ్గరికి వెళ్లావా?"

"నానెందుకు ఎల్తాను బాబూ, బేరం వదులుకుని?"

కోర్టు హాల్లో నవ్వారు. మెజిస్ట్రేటుగారికి తెలుగు రాదు, బెంచి క్లర్కు ఒడియాలో చెప్పాక ఆయనా నవ్వాపుకున్నారు. టీకొట్టు కుర్రాడు కూడా అదే పాట. ఇద్దరినీ ప్రభుత్వ లాయరు హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షులు, అని ప్రకటింపజేసి, ఎదురు ప్రశ్నలు వేశాడు. నిందితుడి తరఫువాళ్లకి అమ్ముడుపోయారా అని అడిగాడు. ఆటో ఆయనకి కోపం వచ్చింది. నేనైతే ఆయన్ని నమ్ముతాను. స్టేషను ఎదుట బతకాల్సినవాడు పోలీసులకి ఎదురు చెప్పి బాగుపడేది ఏముంది?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సాక్షికి ఒడియా చదవడం రానంత మాత్రాన ఆ కాగితం చెల్లకుండా పోదు. "వారికి తెలుగులో చదివి వినిపించి, అర్థం చెప్పి, సంతకం తీసుకున్నాం" అని కింద ఒక్క వాక్యం ఉంటే నా సగం ప్రశ్నలకి పస ఉండేది కాదు. ఆ వాక్యం లేదు. దర్యాప్తు చేసిన అధికారికి తెలుగు బాగానే వచ్చు కూడా. ఏ చట్టమూ అడ్డం రాలేదు, తొందర, బద్ధకం.

తరవాత మామ్మ వచ్చింది. నేను ఎక్కువ టెన్షన్ పడింది ఆ రోజే. మాల్‌ఖానా నుంచి, అంటే జప్తు సొత్తు దాచే గది నుంచి, తెచ్చిన సామాన్లు నేల మీద పెట్టారు. సీలు లేదు, సాక్షుల సంతకాలున్న చీటీ లేదు, గోనెసంచిలోంచి తీసి పెట్టారంతే. మామ్మ బోను దిగి వెళ్లి, ఒక బిందె తీసుకుని పక్కకి వంచి, అంచు కింద బొటనవేలితో తడిమింది. "ఇదిగో, మాయమ్మ పేరు" అని మెజిస్ట్రేటుగారి వైపు తిప్పింది. ఆయన క్లర్కుని పిలిచారు. క్లర్కు కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివాడు. పేరు సరిపోయింది. ఇంటిపేరూ సరిపోయింది.

ఆ బిందె ఆవిడదేనని ఆ హాల్లో ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు. నేను ఆవిణ్ణి ఒకే ప్రశ్న అడిగాను, పేరు సంగతి ఫిర్యాదులో రాయించారా అని. "సెప్పాను, రాసారో నేదో నాకు తెల్దు" అంది. కూర్చున్నాను. ఇంకా అడగడం అనవసరం, అన్యాయం కూడా.

వరండాలో పెద్దాయనకి నేను చెప్పాలనుకున్నది ఇదే. ఆ కేసులో మూడు ప్రశ్నలున్నాయి. దొంగతనం జరిగిందా? జరిగింది. ఈ బిందె మామ్మదేనా? ఆమెదే. ఈ బిందె ఆ కుర్రాడి గడ్డివామి కింద దొరికిందా? దీనికి జవాబు లేదు. సీజర్ లిస్టులోనూ "ఇత్తడి పాత్రలు, రెండు" అనే ఉంది. అంచు కింద తెలుగు అక్షరాలు ఉన్నట్టు ఎఫ్‌ఐఆర్‌లో లేదు, లిస్టులో లేదు, చార్జిషీటులో లేదు. అన్ని నెలలు స్టేషనులో ఉన్న బిందె మీద అంత పెద్ద పేరు ఎవరి కంటా పడలేదా? గడ్డివామి కింద దొరికింది ఈ బిందేనా, లేక వేరే ఎక్కడో దొరికిన బిందెని తెచ్చి గడ్డివామికి అంటగట్టారా? అలా చేశారని నేను అనను. అలా చేయలేదని చూపించే కాగితం లేదు, అంతే. మాల్‌ఖానా రిజిస్టరు తెమ్మంటే తేలేదు. దర్యాప్తు అధికారి అప్పటికే వేరే జిల్లాకి బదిలీ అయ్యాడు, నాలుగైదు వాయిదాల తరవాత వచ్చి, చాలావాటికి "గుర్తు లేదు" అన్నాడు.

దొంగసొత్తు ఎవరి దగ్గర దొరికితే వాడే దొంగ, లేదా తెలిసి పుచ్చుకున్నవాడు, అని ఊహించుకోవచ్చని చట్టంలో ఉంది, నిజమే. పాత సాక్ష్య చట్టం 114వ సెక్షన్‌లో మొదటి ఉదాహరణే అది. కానీ దొంగతనం జరిగిన వెంటనే దొరకాలి, వాడి స్వాధీనంలోనే దొరకాలి. ఇక్కడ నెలన్నర గడిచింది. ఇత్తడి సామాను ఐదారు చేతులు మారడానికి ఆ టైము చాలు. పైగా గడ్డివాము ఉన్నది పశువుల్ని తోలుకెళ్లే దారి పక్కన, కంచె కూడా లేదు.

ఆఖర్న నిందితుణ్ణి సీఆర్‌పీసీ 313 కింద ప్రశ్నలు అడిగారు. సాక్ష్యంలో నీకు వ్యతిరేకంగా ఇవి వచ్చాయి, ఏమంటావు అని కోర్టే అడుగుతుంది. క్లర్కు తెలుగులో చెబితే, వాడు ప్రతిదానికీ "నాకేటి తెల్దు" అన్నాడు. ఇక్కడ చిన్న పక్కదారి. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే, వాడికి తెలిసిన భాషలో అక్కడికక్కడే చెప్పాలని చట్టం. పాత సీఆర్‌పీసీలో 279, దాని బదులు వచ్చిన కొత్త సురక్షా సంహితలో 314. తెలుగువాళ్లకి ఎలాగో జరుగుతుంది, కోర్టులో ఎవరో ఒకరికి తెలుగు వస్తుంది. కొండమీదనుంచి వచ్చే సవర గిరిజనుల మాటేమిటి? సవర వచ్చినవాళ్లు కోర్టులో ఎంతమంది? గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే మేస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, వ్యాకరణం రాసి, 1938లో నిఘంటువు కూడా తెచ్చారు. ఆయన పేరు చెప్పి దండలు వేస్తాం. సవరవాడు ముద్దాయిగా నిలబడితే మాత్రం, తల ఊపాడు కాబట్టి అర్థమైందని రాసుకుంటాం. నాకు ఇది బాధగా ఉంటుంది. సరే, కేసుకి వద్దాం.

తీర్పు ఐదారు పేజీలు. జప్తు రుజువు కాలేదు, దొరికినవని చెప్పే వస్తువులకీ కోర్టులో పెట్టిన వస్తువులకీ లంకె లేదు, అనుమానం ఎంత గట్టిదైనా రుజువు కాదు, కాబట్టి సీఆర్‌పీసీ 248(1) కింద విడుదల. కుర్రాడికి వెంటనే అర్థం కాలేదు. "ఇంక వాయిదా ఎప్పుడు?" అని అడిగాడు.

ఈ తీర్పు మీద మామ్మ అప్పీలుకి వెళ్లొచ్చు. 2009 చివర్లో అమల్లోకొచ్చిన సవరణతో, సీఆర్‌పీసీ 372 కింద బాధితులకి ఆ హక్కు ఉంది. ప్రభుత్వం వెళ్లకపోయినా సెషన్స్ కోర్టుకి వాళ్లే వెళ్లొచ్చు. చాలామందికి తెలియదు. ఈ కేసులో ఎవరూ వెళ్లలేదు.

హాల్లో పోలీసు ఉద్యోగాలకి తయారవుతున్న పిల్లలు కనిపిస్తున్నారు కాబట్టి ఇంకో మాట. కేసు కొట్టేశారు కదా అని ఉద్యోగం ఫారంలో "కేసులు లేవు" అని రాయొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఉన్నదున్నట్టు రాయాలని. కేసు ఉన్నందుకు కాకపోయినా, దాచినందుకు ఉద్యోగం పోవచ్చు.

బిందెలు ఏమయ్యాయని అడుగుతారు కదా. కేసు పోతే సొత్తు కూడా పోతుందని మామ్మ ఏడ్చింది. అలా ఏం లేదు. విచారణ ముగిశాక వస్తువులు ఎవరికివ్వాలో కోర్టు సీఆర్‌పీసీ 452 కింద చెబుతుంది. కుర్రాడు మొదట్నుంచీ అవి నావి కావనే అన్నాడు. ఇంకెవరూ అడగలేదు. అంచు కింద పేరు ఉంది. కుర్రాణ్ణి శిక్షించడానికి చాలని ఆ అక్షరాలు, సామాను ఆవిడకి ఇవ్వడానికి సరిపోయాయి. మామూలుగా రెండు నెలలు ఆగాలి, అప్పీలు పడితే అది తేలేదాకా ఆగాలి. ఆగి తీసుకుంది. గుండిగ అడుగు సొట్టపోయిందని మళ్లీ నాతోనే పేచీ పెట్టుకుంది.

కొత్త చట్టాలు 2024 జూలై 1 నుంచి వచ్చాయి. సురక్షా సంహిత 105 ప్రకారం ఇప్పుడు సోదా, జప్తు, లిస్టు రాయడం, సాక్షులు సంతకం చేయడం అంతా వీడియో తీయాలి, ఫోను చాలు. ఆటో ఆయన గడ్డివామి దగ్గరికి వెళ్లాడో లేదో ఇక వాదన అక్కర్లేదంటారు. మంచిదే. కానీ వీడియోలో కూడా ఒడియా కాగితం మీద తెలుగు మనిషి మౌనంగా సంతకం చేస్తే ఏం లాభం? అందుకే మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే, నాకు చదివి చెప్పండి అని అడగండి, ఫోను నడుస్తుండగా అడగండి. సంతకం పక్కన తెలుగులో "చదివి వినిపించారు" అనో, "వినిపించలేదు" అనో రాయండి. సామాను పోతే ఫిర్యాదులో ఆ వస్తువుకే ఉన్న గుర్తు రాయించండి: పేరు, సొట్ట, అతుకు, ఏదైనా. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తెచ్చుకుని ఒడియా వచ్చినవాళ్ల చేత చదివించుకోండి.

ఇంకొకటి, ఇది నాకు నచ్చింది. ఐదువేల రూపాయల లోపు సొత్తు, మొదటిసారి శిక్ష పడినవాడు, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిస్తే, ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన న్యాయ సంహిత 303 కింద జైలు బదులు సమాజ సేవ చేయిస్తారు. ఇంట్లో దొంగతనానికి వేరే సెక్షన్ ఉంది కాబట్టి మన కుర్రాడిలాంటి కేసుకి ఇది వర్తించదు. సైకిలు, కోడి, కొబ్బరికాయల కేసులకి వర్తిస్తుంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆఁ, వెనక ఆయన. అల్లుడి మోటార్ సైకిల్ పోయి దొరికిందట, స్టేషను ఆవరణలో ఎండకీ వానకీ తుప్పు పడుతోందట, కేసు అయ్యేదాకా ఇవ్వరా అని. ఇస్తారండీ. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు, బళ్లని ఏళ్ల తరబడి స్టేషన్లో పెట్టుకోవద్దని, ఫొటోలు తీసి, బాండు రాయించుకుని ఇచ్చేయమని చెప్పింది. కోర్టులో పిటిషన్ వేయాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఎఫ్‌ఐఆర్ కాపీ పట్టుకుని మీ అల్లుణ్ణి సోమవారం రమ్మనండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సీజర్ లిస్టులో సరిగ్గా పడ్డాయో లేదో ముందు అది చూద్దాం.